ముద్ద అరిగించే పురుగులు

బూదికోట

హనుమక్క అత్తకు,

ఇది చదివిపెట్టేవాళ్ళు గట్టిగా చదవాలి.

నా దగ్గరుండి బడికి పోతున్న నీ మనవరాలు వసంతకు నులిపురుగుల మాత్ర వేశాక కడుపులోంచి పురుగులు పడ్డాయని విని, "ఆ మాత్రతోనే పుట్టినాయి. పిల్లను రాయల్పాడుకు పంపించు" అని కబురు పెట్టావు. పంపను. అవి కడుపులో ఉన్నవే. మాత్ర చంపింది గనుక బయటపడ్డాయి.

"ముద్ద అరగాలంటే కడుపులో నాలుగు పురుగులుండాల" అంటావు. అత్తా, ఇన్నాళ్ళూ ముద్ద తిన్నది అవే, పిల్ల కాదు! ఇప్పుడు వసంత మారు అడిగి తింటోంది.

మళ్ళీ రావని అనను. చెప్పుల్లేకుండా మల్బరీ తోటలో తిరిగితే వస్తాయి. అందుకే చెప్పులు కొన్నాను, ఆరు నెలలకు మాత్ర మళ్ళీ వేస్తాను.

పిల్లను తీసుకుపోవాలంటే నువ్వే రా. నీకూ ఒక మాత్ర తీసిపెట్టాను. నమిలి మింగాలి.

నీ మేనకోడలు