బండ కింది పెట్టె

జనగామ,
మంగళవారం, మధ్యాహ్నం.

చిరంజీవి సంధ్యకు,

మీ అమ్మ దీవించి రాసే ఉత్తరం. నువ్వు, అల్లుడుగారు, పిల్లలు కాటారంలో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మీ బాపు, నేను బాగానే ఉన్నాం. ఆ మాట రాశాక కలం కాసేపు ఆగింది. అయినా కొట్టెయ్యను. ఒంట్లో ఆరోగ్యం వరకు అది నిజమే.

ఈ ఉత్తరం తరిగొప్పుల నుంచి కాదు, జనగామలో కంటి దవాఖాన వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. కంగారు పడకు, నా కళ్ళకేం కాలేదు. మన వెనకింటి యాకమ్మక్కను ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయి గంటయింది. ఆమె కోడలు మందులు తేవడానికి వెళ్ళింది. తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడి మళ్ళీ కూర్చుంటున్నాను. జపమాల తెచ్చుకున్నాను గానీ వేళ్ళు పూసల మీద, మనసు తలుపు మీద. అందుకే సంచిలోంచి నీ ఉత్తరం తీశాను. ఫోన్ చేద్దామంటే మీ దగ్గర సిగ్నల్ సగం మాట మింగేస్తుంది. పైగా ఇది ఫోన్లో చెప్పి ఊరుకునే సంగతి కాదు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. బీపీ మాత్రలు రోజూ వేసుకుంటున్నాను. నిరంజన్ దగ్గుకు మిరియం, తులసాకు కషాయం ఇవ్వు, తేనె కలిపితే ఏడవడు. రక్షితకు ముందు పన్ను ఊడిందని చదివి నవ్వుకున్నాను. మానుకోటలో మీ ఆడబిడ్డ ఇంటికి పోయినప్పుడు పిల్లలు ఫోన్ చూసుకుంటూ ఎవరో దాచిన ఆట పెట్టె వెతికి పట్టుకున్నారనీ, భూపాలపల్లి పోయే దారిలో మీరే ఇంకొకటి దాచారనీ రాశావు. మీ బాపుకు చదివి వినిపించాను. "చదువు చెప్పే పంతులమ్మ, పోరగాండ్లను తోల్కొని రాళ్ళు, రప్పలు ఎత్తి చూసుడేంది" అన్నారు. అన్నారు గానీ ఆ ముక్క రెండోసారి చదివించుకున్నారు.

ఇక నువ్వు గట్టిగా అడిగిన ప్రశ్న. మన గుట్ట మీది పెట్టెను వెతుక్కుంటూ ముగ్గురు వచ్చి, దొరకలేదని ఫోన్లో రాశారన్నావు. పెట్టె పోయిందా, నెలకోసారి వెళ్ళి చూడమన్నాను కదా, చూస్తున్నావా అని అడిగావు. చూస్తున్నాను బిడ్డా. నెలకోసారి కాదు, వారం వారం వెళుతున్నాను. పెట్టె పోలేదు.

దసరా సెలవుల్లో దాన్ని దాచిన రోజు నీకు గుర్తుందా? ఫోన్లో బాణం గుర్తు చూపించి, ఇంత దూరం, అంత దూరం అని చెబుతుంటే నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. మనం ఒక డబ్బా దాచాలి, ఆ చోటు ఫోన్లో పెట్టాలి, ఎవరో ముఖం తెలియని వాళ్ళు వచ్చి వెతికి, అందులోని పుస్తకంలో పేరు రాసి, ఒక వస్తువు తీసుకుంటే ఒకటి పెట్టి పోవాలి. ఇదేం ఆట అనుకున్నాను. తీరా గుట్ట ఎక్కాక నిరంజన్ ఫోన్ పట్టుకుని, "అమ్మమ్మా, బాణం నీ దిక్కే చూపెడుతంది, పెట్టె నువ్వే!" అని నా చుట్టూ గంతులు వేశాడు. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి నేనూ వాడి వెంట సీతాఫలం పొదల్లో దూరాను. స్టీలు టిఫిన్ డబ్బాలో వాడు తన ప్లాస్టిక్ రాకాసి బల్లిని పెట్టాడు, రక్షిత నీలం గోలీని పెట్టింది. పెన్సిల్ ముక్క, చిన్న పుస్తకం నువ్వు పెట్టావు. పల్చటి బండ కింద సందులో దాచి, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అని నువ్వు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశావు.

ఆ చూపే నన్ను నిలవనియ్యలేదు. మీరు బస్సెక్కిన మర్నాడు పొద్దున స్నానం చేసి, ఒక్కదాన్నే గుట్టకు పోయాను. ఆ బండకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి వచ్చాను. బొట్టు పెట్టిన రాయిని మన దగ్గర ఎవరూ కదిలించరని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. పిల్లల డబ్బా పదిలంగా ఉంటే చాలనుకున్నాను. ఇది ఇప్పటివరకు నీకు చెప్పలేదు.

కార్తీకంలో పోయి చూస్తే బండ ముందు దీపం ఉంది. మరుసటి వారం నిమ్మకాయలు, కొబ్బరి చిప్పలు. తరువాత వెదురుకర్రకు ఎర్రజెండా. పేరు కూడా పెట్టారు, సీతాఫలాల మైసమ్మ అని. నువ్వు రాసిన ఆ ముగ్గురికీ పెట్టె దొరకక కాదు, అంత పూజ జరుగుతున్న బండ మీద చెయ్యి వెయ్యడానికి జంకి ఉంటారు. తండా నుంచి మేకలు తోలుకొచ్చే హీర్యా ఒకరోజు నన్ను ఆపి అడిగాడు.

"అమ్మా, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. దసర దాంక నా మేకలు గీ బండ మీదనే పండుకుంటుండె. గప్పుడు గీ తల్లి ఏడికి పోయింది?"

"దేవుళ్ళ సంగతి మనకెట్ల తెలుస్తది హీర్యా" అని తల దించుకుని వచ్చేశాను. వాడు వెనక నుంచి, "నా మేకలకైతే జాగ పోయింది" అని నవ్వాడు.

అప్పుడే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదో ఇన్ని రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. సిగ్గు ఒకటి. ఇంకొకటి నీకు రాస్తేనే నా మనసు తేలికపడుతుంది. అంతమంది అక్కడ చేతులు జోడిస్తుంటే నాకు సంతోషం వేసింది. ఈ బొట్టు నేనే పెట్టానని లోలోపల మురిసిపోయాను. పొద్దునా సాయంత్రం దేవుడి ముందు కూర్చునే దాన్ని, ఇలాంటి మురిపెం నాలో ఉందని నాకే తెలియదు.

అంతటితో పోయినా బాగుండేది. యాకమ్మక్కకు కంట్లో ఒత్తిడి పెరిగిందట. కుడి కన్ను దాదాపు పోయింది. ఎడమది కూడా తగ్గుతోంది, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబడాలంటే వెంటనే ఆపరేషన్ చెయ్యాలని ఇక్కడి డాక్టరు చెప్పాడు. ఆపరేషన్లు మంగళవారమే చేస్తారు. ఆమె ఏమో పదకొండు మంగళవారాలు, వారానికి పదకొండు చుట్లు ఆ బండ చుట్టూ తిరుగుతానని మొక్కుకుంది. డాక్టరు రమ్మన్న మంగళవారం వచ్చింది, పోయింది. "మొక్కు నడుమల ఇడిస్తే కండ్లు ఉన్నా లేనట్టే చెల్లె" అంది. ఆమెకు దారి కనబడదు. మరి ఆమె చెయ్యి పట్టుకుని ఐదు వారాలు ఆ బండ చుట్టూ తిప్పింది ఎవరనుకున్నావు? నేనే. ఆ బండ కింద ఏముందో తెలిసిన దాన్ని.

పోయిన మంగళవారం చివరి చుట్టులో ఆమె కాలు నేరుగా వెలుగుతున్న దీపం మీద పడింది. చీర అంచు అంటుకుంది. చేత్తో నలిపేశాను, ఏమీ కాలేదు. కానీ ఎదురుగా ఉన్న దీపం ఆమెకు కనబడలేదు సంధ్యా. ఐదు వారాల క్రితం కనబడేది.

ఆమెను అక్కడే కూర్చోబెట్టి, బండ జరిపి, డబ్బా తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. జరిగిందంతా చెప్పాను. ఆమె మూత తీసి ఒక్కొక్క వస్తువూ తడిమి చూసింది.

"గిదేంది, బల్లా?"

"రాకాసి బల్లి అక్కా. మా నిరంజన్ పెట్టిండు."

బల్లిని మళ్ళీ డబ్బాలో పెట్టింది. తరువాత మెల్లగా, "ఐదు వారాలు నా చెయ్యి వట్టుకొని తిప్పినవు గదనే" అంది. కేకలేస్తే భరించేదాన్ని. ఆ మెల్లటి గొంతు వారం నుంచి నా చెవుల్లోనే ఉంది. కాళ్ళు పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"బొట్టు నువ్వు వెట్టినవు. మొక్కింది నేను. మొక్కు అబద్ధం గాదు. నేను దవాఖానకు పోత. మిగిలిన ఆరు వారాలు నువ్వు తిరుగు, నా పేరు మీద. ఒక్క చుట్టు తక్కువైనా నిన్ను ఇడువ."

సరే అన్నాను. లేవబోతూ మళ్ళీ అడిగింది, "గీ పెట్టెల తీసుకుంటే ఏమన్న పెట్టాల్నంటివి గద?" అని. గోలీ తీసి కొంగున ముడేసుకుంది. తన సంచిలోంచి ఒక వక్క తీసి డబ్బాలో పెట్టింది. "రాయి మరి, నా పేరు" అంది. పుస్తకంలో యాకమ్మ అని రాశాను. మన ఊరి నుంచి అందులో ఎక్కిన మొదటి పేరు అది. గోలీ ఎక్కడికి పోయిందో రక్షితకు చెప్పు.

మీ బాపుకు నిన్న చెప్పాను. బండకు గద్దె కట్టిద్దామని నలుగురినీ కూడగట్టింది, సిమెంటు ఇస్తానన్నది ఆయనే. "ఊరికేమని చెప్పాలె? మా మనుమరాలి టిఫిన్ డబ్బకు గద్దె కడుతున్నమని చెప్పాల్నా?" అన్నారు. పొద్దున మాత్రం మేస్త్రీకి ఇప్పుడే వద్దని కబురు పంపారు. ఊరికి నేనే చెబుతానన్నాను. హీర్యాతో మొదలుపెడతాను, వాడు సగం కనిపెట్టే ఉన్నాడు. ఉగాదికి వచ్చినప్పుడు పెట్టెను వేరే చోటికి మార్చండి. ఈసారి నేను దగ్గరికి కూడా రాను.

ఇక్కడిదాకా రాసేసరికి తలుపు తెరిచారు. అక్కను కంటికి తెల్లటి కట్టుతో బయటికి తెచ్చారు. ఉన్న చూపు నిలుస్తుందో లేదో రేపు కట్టు విప్పితేగానీ చెప్పలేనన్నాడు డాక్టరు. ముందే వచ్చి ఉంటే ఇంకొంచెం మిగిలేదని కూడా అన్నాడు. ఆ మాట నా కోసమే అన్నట్టుంది. నేను మంచం పక్కన నిలబడితే యాకమ్మక్క గాలిలో చెయ్యి చాపింది.

"చెల్లె, ఉన్నవా?"

"ఉన్న అక్కా."

"ఇయ్యాల ఏం వారం?"

"మంగళారం."

"మరి గీడ నిలబడ్డవేందే? పో. కోడలు ఉంటది."

మూడున్నరకు మన ఊరి బస్సు ఉంది. చీకటి పడకముందే గుట్ట చేరాలి. అక్కడ ఎవరిని తలుచుకుని తిరగాలో నాకింకా తెలియదు బిడ్డా. పదకొండు చుట్లు మాత్రం లెక్క తప్పకుండా తిరుగుతాను. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
బస్సు కోసం లేచిన
మీ అమ్మ,
మనోరమ