అమ్మ పేరున వచ్చిన సమన్లు

చిట్టీ,

మార్చి పదిహేడున మాడిన బ్రెడ్డు నోట్లో కుక్కుకుని వెళ్తూ ఎర్రలైటు దాటేశావే, ఆ కేసు ఇవాళే. నేను ముందు వెళ్తున్నాను. నువ్వు లైసెన్సు తీసుకుని పదింటికల్లా కోర్టుకు వచ్చేయి. స్కూటర్ ఇంకా అమ్మ పేరునే ఉంది కాబట్టి ముద్దాయి అమ్మే. నడిపింది నువ్వని ఒప్పుకోకపోతే ఆవిడ మీద వారెంటు వస్తుందట. పచ్చలైటు పడ్డా ఆగి, అటూ ఇటూ చూసి గానీ కదలని మనిషి మీద!

పోయిన వాయిదాకు బంట్రోతు వరండాలోకి వచ్చి అమ్మ పేరు కేకేశాడు.

“ఆవిడ చనిపోయి రెండేళ్లయింది బాబూ” అన్నాను.

“అలాగా? వచ్చే వాయిదాకి తప్పకుండా రమ్మనండి” అన్నాడు, కాగితంలోంచి తల ఎత్తకుండా. తర్వాత నాలుక కరుచుకుని, తన స్టూలు తెచ్చి నన్ను కూర్చోబెట్టాడు. మంచివాడే.

హెల్మెట్ పెట్టుకో. ఈసారైనా లైట్లు చూసుకుంటూ రా.

నాన్న

ఇంకో మాట. ఇంట్లో నువ్వూ నేనూ అమ్మ అనే అంటాం. ఆవిణ్ణి పేరు పెట్టి నోరారా పిలిచేవాళ్లే లేరు. కోర్టులో మూడుసార్లు పిలుస్తారు. మొదటిసారికే పలికేయకు, తల్లీ.