చేవెళ్లంతా చూసిన మిషన్

అంజన్నా,

నువ్వు తయారుచేసిన క్యారెట్లు కడిగే మిషన్ మీద ఒక కంపెనీ పేటెంట్ తీసుకుంది. ఐటీ ఆఫీసుల క్యాంటీన్లకు మన కూరగాయలు అమ్మే కంపెనీ అది. నీ వెల్డింగ్ షాపులో ఇకపై ఆ మిషన్లు చేయకూడదని, నువ్వు పోయాక దాన్ని నడుపుతున్న వదినకు నోటీసు పంపింది.

ఈరోజు ఆమెను మొయినాబాద్ లా కాలేజీకి తీసుకెళ్లాను. అక్కడ ఇలాంటి కేసుల్లో ప్రొఫెసర్ల అండతో విద్యార్థులే ఉచితంగా సలహా ఇస్తారు.

"అంకుల్ ఈ మిషన్ ముందుగా ఎవరికైనా చూపించారా, ఆంటీ?" అని ఒక అమ్మాయి అడిగింది.

"ఎవరికన్న ఏంది బిడ్డా? దసరా నాడు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మార్కెట్ నడుమ తిప్పిండు. చేవెళ్లంత చూసింది. కొలతలు గూడ రాసుకోమన్నడు."

అమ్మాయి ముఖం వెలిగింది. కంపెనీ దరఖాస్తుకు ముందే చూశామని సాక్షులు చెబితే ఆ పేటెంట్ రద్దవుతుందట, షాపు నిలుస్తుందట.

"మరి ఆయన పేరు మీదికొస్తదా?"

"రాదు ఆంటీ. అందరికీ చూపించాక ఇంకెవరి పేరు మీదా రాదు."

"దాసుకుంటే ఆయనదయ్యేదన్నట్టు," అంది వదిన.

సాయంత్రం సాక్షుల కోసం తిరిగాను. చివరికి మల్లేశ్ పొలానికి వెళ్లాను. నువ్వు చేసిచ్చిన మిషన్‌లోనే కంపెనీకి పంపే క్యారెట్లు కడుగుతున్నాడు. దాని చప్పుడుకు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"నాకేం యాదికి లేదన్నా," అన్నాడు. "నేనైతే చూడలే."