నాన్నగారి నీలి దీపం

నాన్నగారికి,

సెలవులకి వచ్చిన మీ మనవరాలు చిట్టి మిమ్మల్ని ఎంత సతాయిస్తోందో తెలుసు కనుక క్షేమ సమాచారాలు అడగను. ఫోన్లో అయితే మీరు మధ్యలోనే కసురుతారని రాస్తున్నాను. క్లినిక్ మూసేద్దామనుకుంటున్నాను.

నిన్న బడి టీచరమ్మ కొడుకుని తీసుకొచ్చింది. బుగ్గ బూరెలా పొంగింది. పోయిన ఏడాది వాడి దవడపళ్ళ గాడుల్లో పుచ్చు పట్టకుండా పూత వేసింది నేనే. పన్ను ఆరబెట్టి, మందు రాసి, క్లినిక్‌తో పాటు నాకొచ్చిన మీ నీలి దీపం పట్టి గట్టిపరిచాను. ఇప్పుడు అంచు కింద సూది పెడితే ఆ పూత పెచ్చులా లేచొచ్చింది. కింద అంతా నలుపు. మొన్నటిదాకా వాడు నొప్పి అననే లేదట.

"పూత ఉందిగా అని మేమూ చూసుకోలేదండీ" అంది ఆవిడ. నన్ను తిట్టినా బాగుండేది. ఈమధ్య వచ్చిన పిల్లల్లో చాలామందికి ఇలాగే ఉంది. బడి మొత్తానికి వేశాను నాన్నా. ఇంకా రానివాళ్ళ సంగతేమిటో!

బయట బెంచీ మీద ఒక ముసలావిడ అంటోంది, "పెద్దాయన హస్తవాసి వేరమ్మా. ఆయన చెయ్యి పడితే మళ్ళీ రావాల్సిన పనే ఉండేది కాదు" అని. మీరూ అన్నారుగా, నేను డాక్టరునైన రోజున, నలుగురిలో: "మా అమ్మాయికి చదువొచ్చింది, చెయ్యే రాలేదు." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మాట ఇప్పటికీ పంటి కింద రాయిలాగే ఉంది. బహుశా మీరన్నదే నిజం.

మీ
చిన్నది

*

నాన్నగారికి,

"చెయ్యి సరిచూసుకో, దీపం జోలికి పోకు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. నేను దీపం జోలికే పోయాను.

పొద్దున నర్సమ్మ చేతిలోంచి మందు చుక్క గాజుపలక మీద పడింది. తుడవబోతుంటే ఆపి, దాని మీద దీపం పట్టాను. పైన గోరులా గట్టిపడింది. లేపి తిరగేస్తే అడుగున జిగురు. ఎన్నిసార్లు చేసినా అంతే; దీపంలో వెలుగుంది, బలం పోయింది. "ఎప్పట్లాగే నీలంగా వెలుగుతోంది కదమ్మా, పాడైందని ఎవరనుకుంటారు?" అంది నర్సమ్మ. ఆ దీపం మార్చమంటే మిమ్మల్ని పేరు మార్చుకోమన్నట్టే. అందుకే దాన్ని అనుమానించాలని ఎవరికీ తోచలేదు.

తప్పు నా చేతిది కాదని తేలింది, సంతోషించాలి. కానీ మరో సంగతి గుర్తొచ్చింది. మీరు క్లినిక్ తాళాలు నాకిచ్చే ముందు, ఆ దీపంతో ఆఖరుగా పూత వేసింది మన చిట్టికి. మీ పని కదా అని తల్లినై ఉండీ నేను దాని నోరు తెరిచి చూడనే లేదు. మీకు దండం పెడతాను, దాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఒక్కసారి చూడండి. దీపం మీ దగ్గరున్నప్పుడే పాడై ఉంటే, ఊళ్ళో ఎంతమంది పిల్లలో!

మీ
చిన్నది

*

అమ్మడూ,

చూశాను.

ముందు చూడనన్నాను. నా పూతకి పరీక్షేమిటని మీ అమ్మ మీద ఎగిరాను. "వచ్చిన దగ్గర్నుంచీ పిల్ల ఎడమవైపే నములుతోంది. ఇంట్లో పళ్ళ డాక్టరుండి ఏం లాభం?" అంది మీ అమ్మ. నాకూ కనబడింది. అలవాటేమో అని సరిపెట్టుకున్నాను.

కుడివైపు పూత పైకి అద్దంలా మెరుస్తోంది. అంచు కింద సూది పెడితే దిగిపోయింది. చిట్టి అరవలేదు, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. నొప్పి ఎన్నాళ్ళ నుంచే అని అడిగితే చాలా రోజుల్నుంచట. "నువ్వేసింది కదా తాతా, అందుకే చెప్పలేదు" అంది.

అదమ్మా నా హస్తవాసి. మళ్ళీ రాలేదంటే బాగుపడ్డారనే అనుకున్నాను ఇన్నేళ్ళూ. దీపం ఎప్పుడు చచ్చిందో నాకు తెలీదు, కాబట్టి ఎవరిని వదిలెయ్యొచ్చో కూడా తెలీదు. అందరినీ పిలవాలి. క్లినిక్ మూయకు. కొత్త దీపం తెప్పించు. వీధిలోకి కనబడేలా బోర్డు పెట్టి, నా పేరుతోనే రాయించు: నేను పూత వేసిన పిల్లలంతా నొప్పి లేకపోయినా వచ్చి చూపించుకోవాలని. నలుగురిలో నిన్నన్న మాటకి నలుగురూ చూసేలా ఇదే నా దిద్దుబాటు.

రేపు పొద్దున బస్సుకి చిట్టిని తీసుకొస్తున్నాను. ఆ పన్ను నువ్వే చూడాలి. దానికి నీ చెయ్యే కావాలి.

ఇది రాస్తుంటే పక్కనే కూర్చుని బుగ్గ మీద చెయ్యేసుకుని అడుగుతోంది, "అమ్మ చేస్తే నొప్పెడితే చెప్పొచ్చా తాతా?" అని.

చెప్పొచ్చన్నాను.

నీ
నాన్న