పద్నాలుగో క్లాజు

జూలై 8
పదహారేళ్ల ప్రాక్టీసులో ఏ జడ్జీ నన్ను ఈ స్పీకరంత విసిగించలేదు. ఎంపీనై నెలయింది, ఇవాళ మొదటి ప్రసంగం. ఇచ్చిందే మూడు నిమిషాలు. అలవాటు కొద్దీ స్పీకర్ని మై లార్డ్ అన్నాను. సభంతా ఒకటే నవ్వు. ఇంటికొస్తే మా ఆవిడ కాఫీ చేతికిస్తూ, చక్కెర సరిపోయిందా మై లార్డ్ అంది.

జూలై 11
కొత్త బిల్లు చదివాను. పద్నాలుగో క్లాజు దగ్గర ఒళ్లు మండిపోయింది. ఐదేళ్లు దాటిన పనిప్రమాదాల విచారణలన్నీ రద్దట! నేను వాదిస్తున్న లిఫ్టు మెకానిక్ భార్య కేసు ఆరేళ్లది. లిఫ్టు తెగిపడి అతను పోతే, తప్పు అతనిదేనని కంపెనీ రాసి పారేసింది. ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు. మా ఆయన తప్పు కాదని ఒక్క కాగితం ఇప్పించండి లాయరు గారూ అంటుంది. నేను ఎన్నికల్లో గెలిచాక కూడా ఆవిడకి లాయరు గారే. ఎంపీ అనవేమమ్మా అంటే, నా కేసు తేలాక అంటాలెండి అంది.

జూలై 12
నడుస్తున్న కేసులకు ఆ క్లాజు వర్తించకూడదని సవరణ ఇచ్చాను. పార్టీ విప్ పిలిచి, కొత్తగా వచ్చావు, ఒళ్లు దగ్గర పెట్టుకో అన్నాడు. పోతే పోయింది టికెట్. మెకానిక్ భార్యకి ఫోన్ చేసి చెప్పాను. టీవీ ముందే కూచుంటానంది.

జూలై 15, ఉదయం 11
రెండో క్లాజు మీదే గంట నుంచి అరుచుకుంటున్నారు. తల వాచిపోతోంది.

జూలై 15, సాయంత్రం 5
పదమూడో క్లాజు దగ్గర మళ్లీ గొడవ. ఇప్పట్లో తెమలదులే అని టీకి లేచాను. కోర్టులో పేరు పిలిచినప్పుడు మనం లేకపోతే కొంపేం మునగదు. జూనియర్ లేచి పాసోవర్ అంటే చాలు, కాసేపటికి మళ్లీ పిలుస్తారు. పదహారేళ్లూ అలాగే టీలు తాగాను.

తిరిగొచ్చేసరికి పదహారో క్లాజు నడుస్తోంది. నా పేరు పిలిచారట. సభ్యుడు లేడు కాబట్టి సవరణా లేదట. పద్నాలుగో క్లాజు పాసవడానికి అరనిమిషం పట్టలేదట. లేచి పాసోవర్ అని అరిచాను. నిజంగానే అరిచాను. పక్క సీటు పెద్దాయన కోటు పట్టి కూర్చోబెట్టి, ఇక్కడ రెండోసారి పిలవరు నాయనా అన్నాడు.

బయట విప్ నా భుజం తట్టాడు. సమయానికి భలే తప్పుకున్నావు, పైకొస్తావు అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

జూలై 16
నాలుగుసార్లు మెకానిక్ భార్య నంబరు నొక్కి ఆపేశాను. మా ఆవిడ మై లార్డ్ అనడం మానేసింది.

జూలై 17
మెకానిక్ భార్యే ఫోన్ చేసింది. టీవీలో మీ కుర్చీ చూశానంది. ఫైలు తీసుకెళ్లడానికి ఎప్పుడు రమ్మంటారు ఎంపీ గారూ అని అడిగింది.