పై అధికారి వెంట వచ్చెదరు

ఉత్తరపు లైనులో చివరి నుంచి రెండో స్టేషను మాస్టరు వారికి,

విషయము: తమ స్టేషను పరిసరముల గూర్చి వివరములు కోరుట.

తెలియజేయునది ఏమనగా, వచ్చే నెల మొదటి శుక్రవారము ఉదయపు బండిలో వచ్చి, తమ స్టేషనునందు దిగి, సాయంత్రపు బండి తిరిగి వచ్చువరకు అచ్చటనే గడపవలెనని నిర్ణయించడమైనది. ముప్పదియొక్క సంవత్సరముల క్రితము ఇదే బండి తమ స్టేషనులో ఆగినపుడు, నా పక్కన కూర్చున్నవారు ఎదుటనున్న కొండను చూచి, దిగి కొంతసేపు ఉందమని కోరిరి. మరియొకసారి చూతమని నేను చెప్పితిని. సదరు కోరిక నేటివరకు పెండింగులో ఉన్నది. ఇకమీదట ఆలస్యము సహించబడదు.

కావున ఈ దిగువ అంశములపై సమగ్ర వివరణ పంపవలెను.

1. వెయిటింగు రూము ప్రస్తుతము ఏ స్థితిలో ఉన్నది? అందు ఎవరెవరు ఉందురు?
2. రెండో ప్లాట్‌ఫారముపై నిలబడి చూచిన ఏమేమి కనబడును?
3. కొండపై ఎండ పడు వేళ స్టేషను గడియారము ప్రకారము ఎంత?
4. బండి రెండు నిమిషములే నిలుచునని పట్టికలో ఉన్నది. వాస్తవమేమి?

ఇట్లు,
(సంతకము)

తా.క. అంచనాలు, ఊహలు అక్కరలేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను.

*

అధికారిగారికి, కుర్చీలోంచి లేచి నిలబడి స్టేషన్ మాస్టరు రాస్తున్నది.

తమ ఉత్తరం పొద్దుటి బండిలో వచ్చింది. పైన ఆఫీసు ముద్ర, కింద ఆ సంతకం చూసి రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి అప్పుడు విప్పాను. మా స్టేషనుకి ఏడాదికి రెండే ఉత్తరాలు వస్తాయి. ఒకటి కేలండరు, రెండోది కాగితం పొదుపుగా వాడమని సర్క్యులరు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందటి ఫిర్యాదు సంగతి నాకు తెలియదండీ. నేనొచ్చి పద్నాలుగేళ్లు. అప్పటి మాస్టరుగారు కాలం చేశారు. తప్పు ఎవరో ఒకరి మీద వెయ్యాలంటే ఆయన మీద వెయ్యండి, ఆయన ఏమీ అనుకోరు.

ఇక తమరడిగినవి. దాచి ప్రయోజనం లేదు. ఇంత సూటిగా అడిగారంటే అంతా తెలిసే అడిగారు.

ఒకటి. వెయిటింగు రూములో మూడు మేకలు ఉంటాయి. పోయినవారం ఒకటి ఈనింది కాబట్టి ఐదనుకోండి. బయట మంచు పడుతోంది, లోపల పొయ్యి ఉంది, మనుషులెవరూ ఎటూ రారు. మా ఆవిడ అడిగింది, నేను కాదనలేకపోయాను.

రెండు. రెండో ప్లాట్‌ఫారం మీద నిలబడితే చిక్కుడు పందిరి కనబడుతుంది. అది నేను వేసిందే. తీగ వెళ్లి స్టేషను పేరున్న బోర్డు ఎక్కేసింది. ఇప్పుడు చివరి రెండక్షరాలే కనబడుతున్నాయి. కొత్త డ్రైవర్లు మా ఊరి పేరు అదే అనుకుంటున్నారు.

మూడు. గడియారం ఆగి ఆరేళ్లయింది. బండి వచ్చినప్పుడు తొమ్మిది పది అనుకుంటాం. బండి ఆలస్యమైతే ఆ రోజు మా ఊళ్లో అందరికీ అన్నీ ఆలస్యమే.

నాలుగు. బండి ఆగేది పన్నెండు నిమిషాలు. గార్డుగారూ నేనూ చదరంగం ఆడుతున్నాం. రోజుకు ఒక ఎత్తు ఆయనది, ఒకటి నాది. ఇది నాలుగో ఏడు.

సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

ఇట్లు తమ దయ మీద బతుకుతున్న
స్టేషన్ మాస్టరు

తా.క. ఇవన్నీ తమకు చెప్పింది గార్డేనా? అవునో కాదో ఒక్క ముక్క రాయండి. రేపు ఆయన మంత్రిని చంపాలా వదిలెయ్యాలా అన్నది దాన్నిబట్టి ఉంటుంది.

*

స్టేషను మాస్టరు వారికి,

తమ వివరణ అందినది. ఆసాంతము రెండు పర్యాయములు చదువబడినది. తమ స్టేషనులో ఇన్ని సంగతులు ఉన్నవని ఎన్నడును ఊహించలేదు. స్వయముగా వచ్చి కన్నులార చూచి తీరవలెనను నిశ్చయము మరింత బలపడినది. మేకలను విడివిడిగా చూడగోరుచున్నాము.

ముఖ్య గమనిక: నాతో పై అధికారి కూడ వచ్చెదరు. ముప్పదియొక్క సంవత్సరములుగా నేను వారి క్రిందనే పని చేయుచున్నాను. వారి కంటబడకుండ ఏదియు దాగదు. మంచము క్రింద దుమ్మును గుమ్మములో నుంచియే కనిపెట్టగలరు. ఈ పర్యటన సంగతి వారికి సైతము ఇంకను తెలుపలేదు. ఆకస్మికముగా తీసుకొని వచ్చుటయే ఉద్దేశము గనుక తాము ఎవ్వరితోను అనరాదు.

పై అధికారికి రద్దీ గిట్టదు. తమ స్టేషనులో నెలకు ఎందరు దిగుదురో నిజము తెలుపవలెను.

ఇట్లు,
(సంతకము)

తా.క. చదరంగము సంగతి పై అధికారి ఎదుట ఎత్తకుండుట మేలు. ఇదివరలో ఒక బల్లను పావులతో సహా కిటికీలో నుంచి పారవేసిరి.

*

అయ్యా, తమకీ, పేరు తెలియని ఆ పై అధికారిగారికీ కూడా కలిపి నమస్కారాలు.

అన్నీ సరిచేశాను. మేకల్ని మా బావమరిది ఇంటికి తోలించాను. మా ఆవిడ వాటి వెంట వంతెన దాకా వెళ్లి వచ్చి, అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. కూర గిన్నె నా ముందు పెట్టే చప్పుడుని బట్టి ఎంత కోపంగా ఉందో అంచనా వేసుకుంటున్నాను. చిక్కుళ్లు పూతమీదున్నాయి. అయినా పీకేశాను. బోర్డు మీద ఊరి పేరు మొత్తం బయటపడింది. అక్షరాల మధ్య ఇంకా తీగ మరకలున్నాయి, రుద్దుతున్నాను. గడియారం బాగుచేయించాను. దాంతో బండి రోజూ నలభై నిమిషాలు ఆలస్యమని ఊరందరికీ తెలిసిపోయి నన్ను తిడుతున్నారు.

చదరంగం ఓడిపోయానని గార్డుగారికి చెప్పేశాను. ఇంకో మూడు రోజుల్లో నెగ్గేవాణ్ణి. ఆయన కాసేపు బల్లవంక చూసి, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఎంతమంది దిగుతారని అడిగారు. చివరికి అక్కడికే వస్తారని నాకు తెలుసు. నెలకు పదిమంది కన్నా తక్కువ దిగితే ఇక్కడ బండి ఆపరు. స్టేషను మూసేస్తారు. అందుకని ప్రతి నెలా రిపోర్టులో పదకొండు అని రాస్తున్నాను. పది అని రాస్తే అనుమానం వస్తుందని పదకొండు. నిజానికి ఈ పద్నాలుగేళ్లలో దిగింది ఒక్కడు. అదీ నిద్రమత్తులో, తను దిగాల్సిన స్టేషను ఇదేననుకుని. పాపం సాయంత్రం దాకా ఇక్కడే ఉండి, నా వంక కోపంగా చూస్తూ కూర్చున్నాడు.

ఈ అబద్ధం మా ఆవిడకు కూడా తెలియదు. పద్నాలుగేళ్లుగా పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని, జెండా పట్టుకుని, ఎవరూ దిగని బండికి ఎదురు వెళ్తున్నాను. అది లేకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలియదు. రాజీనామా జతచేస్తున్నాను. తమ చేత్తోనే తేదీ వేసుకోండి.

తల వంచుకుని,
స్టేషన్ మాస్టరు

తా.క. పై అధికారిగారి ఎదురుగా ఏడిస్తే ఏమైనా తగ్గుతుందా, లేక అది కూడా గిట్టదా?

*

స్టేషన్ మాస్టరుగారికి, మొహం చెల్లక చేత్తో రాస్తున్న ఉత్తరం.

మీ రాజీనామా ఇందులోనే పెట్టి వెనక్కి పంపిస్తున్నాను. ముందు దాన్ని పొయ్యిలో పడెయ్యండి. తరవాత మిగతాది చదవండి.

నేను అధికారిని కాను. ఎప్పుడూ కాలేదు. ఒక ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు టైపిస్టుగా చేసి రిటైరయ్యాను. ఎవరో చెప్పింది కొట్టడమే నా పని. మెమోలు, నోటీసులు, సంజాయిషీలు. మిషను ముందు కూర్చుంటే నా వేళ్లకు ఇంకో భాష రాదు. మా అక్క కూతురి పెళ్లికి శుభాకాంక్షలు పంపితే, వాళ్లు పెళ్లి ఆపమన్నానేమో అనుకుని రెండు రోజులు కంగారుపడ్డారు. అప్పుడైనా బుద్ధి రావలసింది. ఆ ముద్ర కాగితాలు ఆఫీసులో మిగిలిపోయినవి. పారేస్తుంటే తెచ్చుకున్నాను. అది కూడా తప్పే.

ఆ పై అధికారి మా ఆవిడండీ. సరదాకి రాశాను. పెళ్లయిన కొత్తలో మీ స్టేషన్లో బండి ఆగితే ఆ కొండని చూసి దిగుదామంది. సామాను ఉంది, తరవాత చూద్దాం అన్నాను. ఆ తరవాత ఎప్పుడూ అడగలేదు. అడగలేదన్నదే నన్ను తినేస్తోంది. అందుకే చెప్పకుండా తీసుకొద్దామనుకున్నాను.

మీ రెండో ఉత్తరం చదివి నాకు అన్నం సయించలేదు. ఆవిడ కనిపెట్టి, నాలుగు ఉత్తరాలూ చదివింది. నావి కార్బన్ కాపీలున్నాయి కదా. చదివి నన్నేమీ తిట్టలేదు. "ఆయన చిక్కుడు పాదు పీకించావా" అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది.

మీరు నాతో చెప్పుకున్నవి నేను వినదగ్గవాణ్ణి కాదు. ఎవరి ఉత్తరమో విప్పి చదివినవాడిలా ఉంది నా పని. శుక్రవారం వస్తున్నాం. మీ ఎదురుగా నిలబడి క్షమించమని అడగాలి.

ఇట్లు,
ఇప్పటికి చదివేలా సంతకం పెట్టిన రిటైర్డ్ టైపిస్టు

తా.క. మేకల్ని వెంటనే రప్పించండి. ఇది ఉత్తర్వు కాదు. నా వేళ్లు అలా రాస్తాయి, ఏం చెయ్యను.

*

స్టేషన్ మాస్టరుగారికి, మిమ్మల్ని చూడకుండానే తిరిగొచ్చిన టైపిస్టు రాయునది.

మొన్న శుక్రవారం వచ్చాం. మీరు లేరు. పని మీద పై ఊరు వెళ్లారని మీ పోర్టరు చెప్పాడు. నా మొహం చూడటం ఇష్టంలేకే వెళ్లారని నాకు అర్థమైంది. మీ తప్పు లేదు. నేనైనా అదే చేసేవాణ్ణి.

కానీ మీ పోర్టరు గురించి చెప్పాలి. సంచులు తనే మోశాడు. రెండో ప్లాట్‌ఫారం చివర బల్ల వేసి, దుప్పటి పరిచి, మా ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. కొండ మీదికి ఎండ ఎటునుంచి వస్తుందో, ముందు ఏ రాయి ఎర్రబడుతుందో చెయ్యి చాపి ఒక్కొక్కటే చూపించాడు. సరిగ్గా అతను చెప్పినట్టే జరిగింది. మా ఆవిడ మధ్యాహ్నం దాకా కొండనే చూస్తూ కూర్చుంది. తరవాత నా చెయ్యి పట్టుకుని "సామానేమీ పోలేదుగా" అంది. ముప్పై ఒక్క ఏళ్లు గుర్తుపెట్టుకుందండీ. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

ఒక్కటే బాధ. అతనికి మీరంటే బొత్తిగా గౌరవం లేదు. మీ స్టేషన్ మాస్టరు ఎలాంటివాడయ్యా అని అడిగితే, "పిరికివాడండీ, అబద్ధాలకోరు. చేసిన పనికి మొహం చూపించలేక దాక్కునే రకం" అన్నాడు. నాకు కోపమొచ్చింది. "ఆయన్ని అలా అనకు. ఎవరూ దిగని బండికి పద్నాలుగేళ్లు ఇస్త్రీ చొక్కాతో ఎదురెళ్లిన మనిషి ఆయన" అని గట్టిగానే మందలించాను. అతను గిరుక్కున తిరిగి గదిలోకి పోయాడు. చాలాసేపు రాలేదు. నొప్పించానేమో, నా తరఫున ఒక మాట చెప్పండి.

మీ మీద కోపం లేని,
టైపిస్టు

తా.క. అతనికి చదరంగం బాగా వచ్చు. గార్డుగారు బండి దిగి బల్ల పరిస్తే నిలబడే ఎత్తు వేశాడు. మీ ఆట మీరు లేనప్పుడు అతను చెడగొడుతున్నాడేమో చూసుకోండి.

*

టైపిస్టుగారికి, ఇప్పటికైనా నిజం చెబుదామని కూర్చున్నవాడు రాస్తున్నాను.

మా స్టేషనుకి పోర్టరు లేడండీ. ఎప్పుడూ లేడు.

బండి కనబడేదాకా టోపీ పెట్టుకునే నిలబడ్డాను. మిమ్మల్ని కిటికీలో చూశాను. నాకన్నా భయంగా ఉన్నారు మీరు. నిజంగా అధికారే అయితే నాలుగు తిట్టి, శిక్ష వేసి వెళ్లిపోయేవారు, పడేవాణ్ణి. నా సంగతంతా తెలిసి, నన్నే క్షమాపణ అడగటానికి వచ్చే మనిషికి ఎలా ఎదురుపడాలి? చేతులు వాటంతటవే టోపీ తీసేశాయి. మీరు దిగి, "పోర్టరూ" అని పిలిచారు. "వస్తున్నానండీ" అనేశాను. ఆ తరవాత సాయంత్రం దాకా దాంట్లోంచి బయటపడే దారి దొరకలేదు.

మీరు నన్ను వెనకేసుకొచ్చినప్పుడు గదిలోకి వెళ్లి ఏం చేశానో రాయను. నా గురించి అలా ఎవరూ అనలేదు. అన్నరోజున నేను పోర్టర్నయిపోయాను, ఆ మాటలు నా గురించేనని చెప్పుకోవటానికి కూడా లేకపోయింది.

నెల రిపోర్టు పంపించాను. ఈ నెల దిగినవాళ్లు ఇద్దరు అని రాశాను. పద్నాలుగేళ్లలో నేను రాసిన మొదటి నిజమైన అంకె. దీంతో స్టేషను మూసేస్తారేమో తెలియదు. మా ఆవిడకు కూడా అంతా చెప్పేశాను. ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివి, వచ్చే నెల వాళ్లిద్దర్నీ మళ్లీ రమ్మను, మిగతా ఎనిమిదిమందిని మా పుట్టింటినుంచి నేను దింపుతాను అంది.

రండి. ఈసారి టోపీ తియ్యను.

మీ
స్టేషన్ మాస్టరు

తా.క. బండి కదిలాక మీరు తల వంచుకుని సంచులు లెక్కపెట్టుకుంటున్నారు. మీ ఆవిడగారు కిటికీలోంచి చెయ్యి ఊపి, మెల్లగా, "వెళ్లొస్తాం స్టేషన్ మాస్టరుగారూ" అన్నారు. ఆవిడకు ఎప్పుడు తెలిసిందో కాస్త కనుక్కుని రాయండి. బండి దిగినప్పుడే తెలిసిందని మాత్రం రాయకండి.