గోడ మీద గీత

అక్కా,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. జవాబు రాయకపోతే కోపం వచ్చిందనుకుంటావు. కోపం కాదు, కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. నిన్న పొయ్యి మీద పాలు పెట్టి కిటికీ వైపు చూస్తూ నిలబడితే అన్నీ పొంగిపోయాయి. నేనేంటి, పాలు పొంగించడమేంటి.

గోడ మీది గీత సంగతి నీకు సగమే చెప్పాను. ఏడేళ్ళ కిందట పాప పోయిన రోజు, అందరూ వెళ్ళాక వంటింట్లో నేల మీద కూర్చున్నాను. నాలుగూ పదికి కిటికీ రెక్క పక్కనుంచి ఎండ వచ్చి ఎదుటి గోడ మీద పడింది. లేచి ఆ వెలుగు అంచున పెన్సిలుతో గీత పెట్టాను, ఎందుకో తెలియదు. మరుసటి ఏడు అదే తేదీన, అదే వేళకు వెలుగు సరిగ్గా గీతకే తగిలింది. అప్పట్నుంచి ఏటా తగులుతోంది. నోటుబుక్కులో గడులు గీసి రాసుకుంటున్నాను: తేదీ, వేళ, తగిలిందా, చూసినవారు. చివరి గడిలో ఎప్పుడూ 'నేను'.

వంటింట్లో డబ్బాలు వరసలో ఉంటే, సర్దేవాళ్ళు ఎవరో ఉన్నట్టే కదా. సూర్యుణ్ణి ఇంత కచ్చితంగా నడిపేవాడుంటే, పాప కూడా ఆయన చూపులో ఎక్కడో ఉంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను.

మీ మరిదిగారు వడ్రంగి మనిషి, దేవుడంటే నవ్వుతారు. "ఈ చెక్కలో వలయాలు చూడు, ఎంత పద్ధతిగా ఉన్నాయో. ఎవడు గీశాడు?" అంటారు.

"అదే నేనూ అడుగుతున్నా," అంటాను.

"అన్నీ వాటంతటవే తిరుగుతాయే. తోసేవాడెవడూ లేడు."

పాప పోయాక ఆయన దాని మాట ఒక్కసారీ ఎత్తలేదు.

ఇప్పుడు నువ్వేమో లెక్కల టీచరువి, ఏడాదంటే నిండు రోజులు కావని, పైన పావు రోజు మిగులుతుందని, వెలుగు ఏటేటా కాస్త పక్కకు జరిగి నాలుగో ఏడు మళ్ళీ దగ్గరకు రావాలని, ఏటా గీత మీదే పడటం కుదరదని రాశావు. ఎల్లుండే ఆ తేదీ. తప్పితే ఇక ఎవరికీ దణ్ణం పెట్టను. పాప బట్టల పెట్టె ఎవరికైనా ఇచ్చేస్తాను.

నీ జాబితాల చెల్లి

*

అక్కా,

తప్పలేదు. గీత మీదే పడింది. నీ లెక్క తప్పిందని సంబరపడబోయాను. అంతలో వెలుగు అంచు వణికింది.

సూర్యుడు వణకడు కదా.

బయటికి వెళ్ళాను. మీ మరిదిగారు చెక్కపెట్టె మీద నిలబడి, కిటికీ రెక్క పట్టుకుని, ఒక కన్ను మూసి లోపలి గోడ చూస్తున్నారు, చెక్క వంకర ఉందేమో చూసినట్టు. ఏటా ఆ రోజు పని మానుకుని పెరట్లో ఎందుకు తచ్చాడతారో అప్పుడర్థమైంది.

"ఎన్నేళ్ళ నుంచి?" అన్నాను.

"మొదటి ఏడు నుంచే. నువ్వు పొద్దున్నుంచీ ఆ గీత ముందే కూర్చున్నావు. వెలుగు పక్కకు పోతోంది. రెక్క కాస్త లాగాను." రెక్క వదలకుండానే, "ఏడాది తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నావే," అన్నారు.

"తోసేవాడు లేడన్న మనిషి."

"లేడనే కదా నేను ఎక్కింది."

ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో చెప్పలేను. ఏడేళ్ళు మోసపోయానని ఒళ్ళు మండింది కూడా. కాసేపటికి, "రెక్క వదిలెయ్యి," అన్నాను. లోపలికి వచ్చి చూశాం. వెలుగు వేలి వెడల్పంత పక్కకు జరిగి ఉంది, నువ్వు చెప్పినట్టే. ఆయన చెవి మీది పెన్సిలు తీసి అక్కడ రెండో గీత పెట్టారు. "పాప నవ్వు నీ పోలికే," అన్నారు గోడతో.

తప్పడానికీ ఒక పద్ధతి ఉందంటున్నావు కదా. దాన్ని ఎవరు పెట్టారో నాకింకా తెలియదు, రోజంతా అదే తొలుస్తోంది. దణ్ణం సంగతి తేల్చుకోలేదు. పాప బట్టల పెట్టె మాత్రం ఇవ్వలేదు, ఇద్దరం కలిసి తెరిచాం.

నోటుబుక్కులో రాశాను. తగిలిందా: లేదు. చూసినవారు: ఇద్దరం.

నీ చెల్లి